పిస్టల్ మొరాయిస్తే స్క్రూడ్రైవర్ ఆఖర్న తీయండి

రేంజ్‌లో ఎవరైనా "అన్నా, పిస్టల్‌లో ఏదో తేడా కొడుతోంది, ఒకసారి చూడవా" అని వస్తే నేను ముందు అడిగేది ఒకటే, మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మార్చావు అని. ఏం మార్చలేదన్నా అంటారు. కాసేపు కదిపితే అప్పుడు బయటికొస్తుంది, పెల్లెట్ల (సీసపు గుళ్ళ) డబ్బా కొత్తది, లేదా గ్రిప్ (పిడి) విప్పి మళ్ళీ బిగించారు, లేదా గాలి సిలిండర్ ఫ్రెండ్‌ది. పిస్టల్ మాత్రం శుభ్రంగానే ఉంటుంది. అందుకే ఇది పిస్టల్ రిపేరు గురించి కాదు, ఎక్కువగా దాని చుట్టూ ఉన్న వాటి గురించి. గాలి ఒత్తిడితో పెల్లెట్ పేల్చే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, తూటాలు పేల్చే 25 మీటర్ల పాయింట్ టూటూ (.22) స్పోర్ట్ పిస్టల్, ఈ రెండే నా చేతిలో నలిగినవి కాబట్టి వాటి వరకే చెబుతాను.

ఏది ముట్టుకున్నా ముందు ఖాళీ చేయాలి. పాయింట్ టూటూలో ముందు మ్యాగజైన్ (రౌండ్లు, అంటే తూటాలు, నింపే డబ్బీ) బయటికి, ఆ తర్వాతే బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే ఇనుప ముక్క) వెనక్కి. తిరగేసి చేస్తే ఒక రౌండ్ బయటికొచ్చి ఇంకో రౌండ్ లోపలికి పోతుంది, మీరేమో ఖాళీ అనుకుంటారు. చాంబర్‌లోకి (రౌండ్ కూర్చునే చోటు) కంటితో చూసి, ఖాళీ అని అందరికీ తెలిసేలా ఆరెంజ్ ఫ్లాగ్ పెట్టండి. ఎయిర్ పిస్టల్ అయితే సిలిండర్ విప్పాక కూడా లోపల కాస్త గాలి మిగిలి ఉండొచ్చు, కాబట్టి టార్గెట్ వైపు పెట్టి ఒకసారి పేల్చి, అప్పుడే పని మొదలు.

ఇక గాలి సంగతి. షాట్లు నెమ్మదిగా కిందికి దిగుతున్నాయి, మీరేమో గురి చూసే సైట్‌ని పైకి క్లిక్కులు కొడుతూ పోతున్నారు, ఇంకో పది షాట్లకి మళ్ళీ దిగాయి. ఆగి సిలిండర్ మీటర్ చూడండి. ఈ సిలిండర్లు మామూలుగా 200 బార్ దాకా నింపుతాం, లోపల రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి ప్రెషర్ తగ్గుతున్నా చాలాసేపు ప్రతి షాట్ ఒకే వేగంతో పోతుంది, కానీ ఒక గీత దాటి కిందికొచ్చాక రెగ్యులేటర్ కూడా ఏమీ చేయలేదు. ఆ గీత ఎక్కడో మీ పిస్టల్ మాన్యువల్‌లో ఉంటుంది, ఒక చీటీ మీద రాసి కిట్ మూతకి లోపల అంటించండి. నేను మ్యాచ్‌కి ఎప్పుడూ నిండు సిలిండర్‌తోనే వెళ్తాను, 60 షాట్ల మ్యాచ్‌కి నిండు సిలిండర్ ఎందుకురా అని నవ్వినవాళ్ళు ఉన్నారు, నవ్వనీ.

"రాత్రి నింపాను, పొద్దున చూస్తే ఎనిమిది బార్లు పోయింది, లీక్" అని కంగారు పడకండి. మే నెల సాయంత్రం 35 డిగ్రీల వేడిలో 200 చూపించిన సిలిండర్, మర్నాడు ఏసీ రేంజ్‌లో 22 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు 192 చూపిస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడింది, అంతే. గబగబా నింపినా ఇదే తంతు, నింపేటప్పుడు గాలి వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు పడిపోతుంది. అందుకే మెల్లగా నింపాలి. నిజంగా లీకేనా అని తేలాలంటే సిలిండర్‌ని పిస్టల్ నుంచి విప్పి పక్కన పెట్టండి, ముల్లు ఎక్కడుందో ఫోన్‌తో ఫోటో తీయండి, మర్నాడు అదే గదిలో, అదే సమయానికి మళ్ళీ చూడండి. విప్పి ఉంచితే కదలని ముల్లు పిస్టల్‌కి బిగించి ఉంచితే దిగుతోందంటే లీక్ పిస్టల్ వైపు ఉంది, లేదా రెండిటి మధ్య ఉన్న ఓ-రింగ్ (రబ్బరు వలయం) దగ్గర. విప్పి ఉంచినా దిగుతోందంటే సిలిండర్ వాల్వ్. వాల్వ్ మీద ఒక్క చుక్క సబ్బు నీళ్ళు వేస్తే చిన్న బుడగ లేస్తుంది, చూశాక పూర్తిగా తుడిచి ఆరబెట్టండి. ఓ-రింగ్ అరిగితే అది పది నిమిషాల పని, సిలికాన్ గ్రీజు వేలి కొసకి అంటీ అంటనట్టు రాసి కొత్తది ఎక్కించడమే. వాల్వ్ లోపలి పని మాత్రం మీరు పెట్టుకోకండి, 200 బార్లంటే కారు టైరులో ఉండే గాలికి దాదాపు వంద రెట్లు.

ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె లాంటివి గాలి తగిలే చోట అస్సలు వేయొద్దు. అంత ప్రెషర్ గాలిలో నూనెకి నిప్పంటుకోవచ్చు. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపుకుందాం అన్న ఐడియా ఎవరికైనా వస్తే ఆ మనిషిని పిస్టల్‌కి దూరంగా కూర్చోబెట్టండి, సిలిండర్ పేలిపోవచ్చు. పొడి గాలి మాత్రమే, డైవింగ్ సిలిండర్ నుంచి గానీ, ఫిల్టర్ ఉన్న పంపు నుంచి గానీ. సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది, సాధారణంగా పదేళ్ళ గడువు, గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే అని అంతర్జాతీయ రూల్సే చెబుతున్నాయి. సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొనేవాళ్ళు గ్రిప్ పాలిష్ చూసి మురిసిపోతారు, ముందు ఆ తేదీ చూడండి బాబూ. ఎండలో ఆపిన కారులో నిండు సిలిండర్ వదలొద్దు, విమానం ఎక్కేటప్పుడు ఖాళీ చేసి విప్పి పెట్టుకోవాలి.

పెల్లెట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెత్తటి సీసం, డబ్బా కింద పడితే స్కర్ట్ (పెల్లెట్ వెనక భాగం) అంచులు నొక్కుకుపోతాయి, అవి ప్రాక్టీసుకి వాడేయండి. పెల్లెట్ తల 4.49 మిల్లీమీటర్లు మంచిదా 4.50 మంచిదా అన్న చర్చ రేంజ్ క్యాంటీన్‌లో టీ తాగుతూ బాగుంటుంది, గ్రూపు (షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) మాత్రం మీ బ్యారెల్ చెబుతుంది. బ్యారెల్ శుభ్రానికి ఫెల్ట్ (మెత్తటి ఉన్ని లాంటి) పెల్లెట్లు చాలు, రెండు మూడు పేల్చి ఆ తర్వాత మామూలు పెల్లెట్లు ఓ పది పేల్చాకే గ్రూపు చూడండి.

నా సొంత బుద్ధి తక్కువ పని ఒకటి చెబుతాను. ఒక ఆదివారం గ్రూపు ఉన్నట్టుండి విచ్చుకుపోయింది, తొమ్మిదులు, ఎనిమిదులు, మధ్యలో ఒక ఏడు. పెల్లెట్లు మూడు రకాలు మార్చాను. సైట్ తిప్పాను, మళ్ళీ వెనక్కి తిప్పాను, ఎన్ని క్లిక్కులు తిప్పానో మరిచిపోయాను. మధ్యాహ్నానికి ట్రిగ్గర్ కూడా కెలికేశాను. సాయంత్రం మా సీనియర్ ఒకాయన పిస్టల్ తీసుకుని బ్యారెల్‌ని ఒక చేత్తో, గ్రిప్‌ని ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా మెలిపెట్టాడు. "టిక్" అంది. గ్రిప్ స్క్రూ పావు చుట్టు వదులు. అలెన్ కీ తెచ్చి బిగించడం అర నిమిషం పని, నేను పొద్దుట్నుంచి పాడుచేసిందంతా సరిచేసుకోవడానికి నాకు వారం పట్టింది. అప్పటి నుంచి ఒక అలవాటు, ఏదైనా తేడా వస్తే ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను, మార్చేముందు ఫోటో, మార్చాక పది షాట్లు. గ్రిప్, సైట్, బరువుల స్క్రూల తల మీద తెల్ల పెయింట్‌తో సన్నని గీత గీసి, పక్కన ఫ్రేమ్ మీదకీ దాన్ని పొడిగించాను, గీతలు కలవకపోతే వదులైందని అర్థం.

ట్రిగ్గర్ దగ్గరికొస్తే, ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు, స్పోర్ట్ పిస్టల్‌కి 1000. బ్యారెల్ నిటారుగా పెట్టి ట్రిగ్గర్ మధ్యలో బరువు తగిలించి పైకి లేపాలి, అదీ ఎయిర్ పిస్టల్‌లో గాలి ఛార్జ్ చేసి ఉండగానే. సరిగ్గా 500కి సెట్ చేసి తెలివైన పని చేశాననుకోకండి, మ్యాచ్‌కి ముందు పిస్టల్ తనిఖీ చేసే కంట్రోల్ టేబుల్ దగ్గర వాళ్ళ బరువు కట్టాక నిలబడకపోతే ఆ టెన్షన్ మొదటి సిరీస్ దాకా వదలదు. పది, ఇరవై గ్రాములు ఎక్కువ ఉంచుకోండి. ట్రిగ్గర్ ఒకసారి తేలిగ్గా, ఒకసారి బరువుగా అనిపిస్తే ముందు దుమ్ము, చేతి రుమాలు పీచు లాంటివి చూడండి, మెత్తటి బ్రష్ చాలు. సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా పిస్టల్ పేలకుండా పట్టి ఉంచే ముక్క) అంచులకి రాపిడి కాగితం పెట్టే మనిషి ఎంత దగ్గరివాడైనా పిస్టల్ ఇవ్వొద్దు.

పాయింట్ టూటూ కథ వేరే, ఇక్కడ మురికే సగం శత్రువు. ఆ రౌండ్ల మీద మైనం లాంటి పూత ఉంటుంది, అది, మసి, సీసం కలిసి చాంబర్ మూతి దగ్గర ఒక గట్టి వలయంలా పేరుకుంటుంది. దాంతో బోల్ట్ పూర్తిగా మూసుకోదు, ఒక వెంట్రుక వాసి ఆగిపోతుంది. ఖాళీ కేసు (పేలిన రౌండ్ గుల్ల) బయటికి రాకపోతే దాన్ని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం చూడండి, దాని కిందున్న నల్లటి ముద్దని అగ్గిపుల్ల చెక్కి దాంతో గీకితే వచ్చేస్తుంది. కేసు సగం బయటికొచ్చి పొగగొట్టంలా నిలబడిందంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోవడం లేదు, మురికి, లేదా ఆ బ్యాచ్ రౌండ్లలో దమ్ము లేదు, లేదా స్ప్రింగ్. ఈ వరసలోనే చూడండి. పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, తర్వాత తీసి అంచు మీద గాటు చూడండి. గాటు లోతుగా ఉంటే తప్పు రౌండ్‌ది, పైపైన గీసినట్టుంటే ఫైరింగ్ పిన్ దారిలో మురికి ఉండొచ్చు. చప్పుడు మామూలుగా కాకుండా "తుస్" అంటే మాత్రం ఇంకో షాట్ వద్దు, ఖాళీ చేసి బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాల్సిందే. ఖాళీ చాంబర్‌తో డ్రై ఫైర్ (రౌండ్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం) చేయడం కూడా మానండి, పిన్ వెళ్ళి చాంబర్ అంచుకి కొట్టుకుంటుంది, స్నాప్ క్యాప్ (డమ్మీ రౌండ్) పెట్టుకోండి.

మ్యాగజైన్లని ఎవరూ పట్టించుకోరు, నన్నడిగితే వాటితోనే మొదలుపెట్టాలి. మీ దగ్గరున్న ప్రతి మ్యాగజైన్ అడుగున నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టండి, ఒకటికి ఒకటి, రెండోదానికి రెండు. చుక్కలు లేకముందు నాకు "అప్పుడప్పుడూ జామ్ అవుతుంది" అని మాత్రమే తెలుసు. పెట్టాక వారంలో తేలింది, జామ్ అయ్యేది రెండు చుక్కలదే, అందులోనూ మూడో రౌండే, ముక్కు కిందికి పెట్టి ఫీడ్ ర్యాంప్‌కి (రౌండ్‌ని చాంబర్‌లోకి ఎక్కించే వాలు) గుద్దుకుంటోంది. వెలుతురులో పట్టుకుని మంచిదాని పక్కన పెట్టి చూస్తే ఎడమ పెదవి (రౌండ్‌ని పట్టి ఉంచే పై అంచు) కొంచెం లోపలికి వంగి ఉంది, ఎప్పుడో సిమెంట్ గచ్చు మీద పడేసిన గుర్తు. ప్లయర్‌తో వంచబోయి ఆగాను, రేకు ఒకసారి అతిగా వంగితే తిరిగి నిలవదు, దాన్ని ప్రాక్టీసుకి దింపేసి కొత్తది కొన్నాను. లోపల నూనె వేయకండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది, పొడి గుడ్డ చాలు. నింపేటప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకి ముందుండాలి, వెనకపడితే ఇరుక్కుంటుంది.

మ్యాచ్ మధ్యలో పాయింట్ టూటూ ఆగితే సహజంగా చెయ్యి బోల్ట్ మీదకి పోతుంది. పోనివ్వకండి. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, గ్రిప్ వదలకుండా, రెండో చెయ్యి ఎత్తండి. మీరు బోల్ట్‌నో సేఫ్టీనో ముట్టుకున్నారంటే ఆ ఫాల్ట్ మీ ఖాతాలో పడుతుంది, మళ్ళీ పేల్చే అవకాశం పోతుంది. మ్యాగజైన్ సరిగ్గా ఎక్కకపోవడం కూడా మీ తప్పు కిందే లెక్క, అందుకే ఎక్కించాక అడుగున అరచేత్తో ఒక తట్టు తట్టి, మళ్ళీ కిందికి ఒక్కసారి లాగి చూడండి.

10 మీటర్లలో ఇంకోరకం బాధ, బాగు చేసుకోనిస్తారు, గడియారం మాత్రం ఆగదు. 2021 జులైలో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి ఏమైందో గుర్తుందిగా, మ్యాచ్ మధ్యలో పిస్టల్ పాడై చాలా నిమిషాలు పోయాయి, 575 కొట్టి రెండే పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. తర్వాత పారిస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చింది, అది వేరే సంగతి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నవాళ్ళు మ్యాచ్‌కి ముందు బ్యాటరీ కొత్తది వేసి, ఇంకోటి బ్యాగులో పెట్టుకోండి. స్పేర్ సిలిండర్, ఓ-రింగులు, అలెన్ కీలు కూడా. వీలైతే కోచ్ సార్‌నో తోటి షూటర్‌నో అడిగి, ఇంకో పిస్టల్ కంట్రోల్ చేయించి పక్కన ఉంచుకోండి.

వైజాగ్, కాకినాడ వైపు వాళ్ళకి చెమట, ఉప్పు గాలి రెండూ ఉన్నాయి కాబట్టి షూటింగ్ అయిన వెంటనే పిస్టల్ ఇనుప భాగాలు పొడి గుడ్డతో తుడిచి, పెట్టెలో సిలికా జెల్ సంచులు వేయండి, తడి గ్రిప్‌ని పెట్టెలో మూయకండి, చెక్క ఉబ్బితే మీ చేతికి పట్టు మారిపోతుంది. ఇదంతా అయ్యాక, టిఫిన్ పొట్లం విప్పేముందు, చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, పొద్దుట్నుంచి పట్టుకున్నది సీసం.