వింత కథలో పూనకం ఎలా రాయాలి?

కావలి పక్కన మా ఊళ్లో పోలేరమ్మ పొంగళ్ల రోజు మా పెద్దమ్మకు అమ్మోరు వచ్చేది. మామూలు రోజుల్లో ఆమె పెదనాయన పేరు పలికేది కాదు. 'పిలకాయల నాయన' అనేది, కాదంటే 'ఆయన' అనేది. డప్పు జోరందుకుని, సాంబ్రాణి పొగ కమ్ముకుని, చేతికి వేపమండలు వచ్చాక అదే మనిషి ఆయన్ని పేరు పెట్టి, "ఒరే, ఇట్రారా" అని పిలిచేది. ఆయన చేతులు కట్టుకుని "చెప్పు తల్లీ" అంటూ వంగి నిలబడేవాడు. ఆమె ఊగడం కాదు, జుట్టు విరబోసుకోవడం కాదు, ఆ 'ఒరే' విని నాకు వణుకు పుట్టేది. పూనకం రాయాలని కూర్చున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

వియర్డ్ ఫిక్షన్‌ని నేను వింత కథ అంటాను. దయ్యం కథతో దీన్ని కలపొద్దు. దయ్యానికి పగో కోరికో ఉంటుంది, అది తీరితే కథ అయిపోతుంది. వింత కథలో మనం రోజూ తిరిగే లోకమే ఒకచోట చిరుగుతుంది. ఎందుకు చిరిగిందో చివరిదాకా తేలదు.

ముందు దారి తేల్చుకోండి: రావడమా, పోవడమా?

పూనకం లాంటిదే ఇంకో చోట చూద్దాం. ఆత్మల లోకంతో ఊరి తరఫున మాట్లాడే మనిషిని షామన్ అంటారు, ఆ మాట సైబీరియాలోని తుంగుసిక్ భాషలది. అక్కడి షామన్ గురించి ఎక్కువగా చెప్పేది, తన ప్రాణాన్ని బయటికి పంపి పై లోకానికో కింది లోకానికో పోయొస్తాడని. సైబీరియాలోనే ఉండే యాకుట్ జనం దగ్గర, ఆల్తాయ్ కొండల ప్రాంతంలో డప్పునే అతని గుర్రం అంటారు. మన పూనకంలో అమ్మోరే మనిషి మీదికి వస్తుంది, మనిషి పక్కకు తప్పుకుంటుంది. సైబీరియాలోనూ ఒంటి మీదికి రావడం ఉంది కాబట్టి ఈ రెంటి మధ్య గట్టి గోడేం లేదు. అయినా కథ రాసేవాళ్లు ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. కథ ఎవరు చెప్పాలో దాన్నిబట్టే తేలుతుంది. అమ్మోరు వచ్చి పోయాక మా పెద్దమ్మకు ఏమీ గుర్తుండేది కాదు, నీళ్లు తాగి "ఏం జరిగింది?" అని మమ్మల్నే అడిగేది. అటువంటి కథ చూసినవాళ్లు చెప్పాలి. ప్రాణం పోయి వచ్చిన కథయితే పోయొచ్చినవాడే చెప్పాలి, వాడు చెప్పేదాన్ని నమ్మాలా వద్దా అన్నది చదివేవాళ్ల బాధ.

తాళం వెతకండి

డప్పు లేకుండా పూనకం లేదు. అయితే కథలో అది డప్పే కానక్కర్లేదు. నెల్లూరు తీరాన మైపాడు వైపు రొయ్యల గుంటల మీద ఒక్క రాత్రి కాపలా ఉండి చూడండి. నీళ్లలోకి గాలి కలిపే తెడ్ల ఏరియేటర్లు తెల్లవార్లూ నీళ్లను ఒకే వరసలో కొడుతూనే ఉంటాయి. వాటికి కారణం ఉంది. నీళ్లలోని నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. తెల్లారుజాముకు నీళ్లలో ఊపిరి బాగా తగ్గిపోతుంది. ఆ వేళప్పుడు కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే రొయ్యలు పైకి తేలతాయి, పంట పోతుంది. అంటే కాపలా మనిషి చెవి ఎప్పుడూ ఆ చప్పుడు మీదే ఉంటుంది. ఇప్పుడు వింతను అక్కడ పెట్టండి: తెల్లవారుజామున మూడింటికి కరెంటు పోయింది, తెడ్లు ఆగాయి, చప్పుడు మాత్రం ఆగలేదు.

ఇంతకంటే పెద్ద వింత అక్కర్లేదు. ఆకాశం చీల్చాల్సిన పనిలేదు.

ఎందుకు పోతాడు?

షామన్ ఊరికే పోడు, ఊరికి ఏదో తక్కువైతేనే పోతాడు. వేట జంతువులు దొరకనప్పుడు, ఉత్తర ధ్రువం వైపు మంచు దేశాల్లో ఉండే ఇన్యూట్‌ల షామన్ సముద్రం అడుక్కి దిగి, జంతువులన్నిటినీ పట్టి ఉంచిన సముద్రపు తల్లిని బతిమాలి, చిక్కుపడ్డ ఆమె జుట్టు దువ్వుతాడని చెప్తారు. ఈ కథ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయినా ఆ తల్లిని ఎత్తుకొచ్చి మన గుంటలో దింపొద్దు, ఆమె మంచు సముద్రానిది. మన తీరంలో చేపలు పట్టే పట్టపోళ్లకు సముద్రమంటే గంగమ్మ. తీసుకోవాల్సింది ఆ అవసరం ఒక్కటే. తెల్లమచ్చ తెగులు పక్క గుంటలన్నీ ఊడ్చేసింది, అప్పు తెచ్చి వేసిన పంట ఇదొక్కటే మిగిలింది, ఎవరో ఒకరు దిగి అడగాలి. మన కాపలా మనిషి దిగుతాడు.

దిగినప్పుడు ఏం రాయాలి?

అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో మార్మిక అనుభవాలకు నాలుగు గుర్తులు చెప్పాడు: మాటలకు అందకపోవడం, ఏదో తెలిసిందన్న గట్టి నమ్మకం, కాసేపే నిలవడం, మనిషి వశం తప్పడం. వీటిని రాసేటప్పుడు పక్కన పెట్టుకుంటాను. అన్నిటికన్నా కష్టం మొదటిదే. 'వర్ణించలేని భయానకం' అని రాస్తే మన పని మనం ఎగ్గొట్టినట్టే. మాటలకు అందని దాని పక్కనున్న వస్తువును, ఉన్నది ఉన్నట్టు రాయండి. టార్చి వేస్తే నీళ్లలో రొయ్యల కళ్లు ఎర్రగా మెరుస్తాయి, గుంటల మీద తిరిగినవాళ్లందరూ చూసిందే. ఆ ఎర్రచుక్కలన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కసారి వెలిగాయనుకోండి, ఆగని ఆ చప్పుడుకు తగ్గట్టుగా. వాడు టార్చి ఆపేశాడు. చుక్కలు ఆరలేదు.

రెండో గుర్తు కోసం వాడికి ఒక చిన్న సంగతి తెలియనివ్వండి. జగత్తు రహస్యం వద్దు. గుంట తవ్వకముందు అక్కడ ఏముండేదో తెలిస్తే చాలు.

మాటతీరు

తెలుగులో మనకున్న బలం ఇదే. నువ్వు, మీరు, ఒరే, ఏమే, తల్లీ: ఎవరు ఎవర్ని ఎట్టా పిలుస్తారో తెలిస్తే ఆ ఇల్లంతా తెలిసిపోతుంది. అది తిరగబడితే లోకం తిరగబడినట్టే. అమ్మోరి చేత గ్రాంథికం పలికించొద్దు, పద్యాలు చదివించొద్దు. "నన్ను మరిచినారు గదరా" అంటుంది, అంతే. కాపలా మనిషి పొద్దున్నే గుంట ఆసామితో మాట్లాడేటప్పుడు రోజూ అనే 'అయ్యా' అనే మాట రాకపోతే చాలు, చదివేవాళ్ల వెన్ను జలదరిస్తుంది. ఎందుకో చెప్పొద్దు.

పోయి చూసి రాయండి

ఊళ్లో కొలుపు జరిగితే రాత్రంతా కూర్చోండి. పంబ వాయిస్తూ పాడే పంబలవాళ్లు అమ్మోరి కథ ఎక్కడ ఆపుతున్నారో, ఎక్కడ అందుకుంటున్నారో వినండి. 'నువ్వెవరు తల్లీ, ఏం కావాల?' అని అడిగేది ఎవరో, పసుపు నీళ్లు పోసేది ఎవరో గమనించండి. ఫోన్ జేబులోనే ఉండాలి. పూనినప్పటి మనిషిని వీడియో తీస్తే, తనకే గుర్తులేని ఒక గంటను ఆ మనిషి దగ్గర్నుంచి దొంగిలించినట్టే. ఇంకోటి. నల్లమల అనగానే చెంచు ముసలాయన్ని, ఏరు అనగానే యానాది అవ్వను తెచ్చి రహస్యాలన్నీ వాళ్ల నోట చెప్పించే కథలు చాలా వచ్చాయి. వాళ్లకూ అప్పులుంటాయి, పిలకాయల చదువులుంటాయి. వాళ్లు మీ కథలోకి రావాలంటే అవన్నీ వెంట రావాలి.

ముగింపు

ఆసామి తెల్లారి వస్తాడు. రెండు గంటలు కరెంటు లేదు, జనరేటర్ వేసిన జాడ లేదు. ఒక్క రొయ్య కూడా తేలలేదు. కాపలా మనిషి గట్టు మీద కూర్చుని ఉన్నాడు, లుంగీ నడుం దాకా తడిసి ఉంది. అతని గోళ్ల సందుల్లో పొడుగాటి నల్లటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఆసామి అడగడు. అడిగే వాక్యం మీరు ముందే రాసి ఉంటే కొట్టేయండి.