చార్ట్‌ల "డేటా వరుసల లేదు" అని ఎర్రర్ వస్తుందా? సార్ట్ కొట్టే ముందు జర తేదీలు చూడుర్రి

మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాల్వ కింద మా మేనమామకు పొలం ఉంది. సాగర్‌ల నీళ్లు రోజుకెంత ఉన్నయో ఫోన్‌ల గీతలాగ కనబడాలె అని ఆయన అడిగితే, ఎక్సెల్‌ల రోజూ రాసిపెట్టుకున్న లెవల్స్ తీసుకొని లైట్‌వెయిట్ చార్ట్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతోని (వెబ్ పేజీల చార్ట్‌లు గీసే రెడీమేడ్ కోడ్) ఒక చిన్న పేజీ చేసిన. గంట పని అనుకున్న, రెండు రోజులు తిన్నది. మీకు గీ తిప్పలు రావొద్దని రాస్తున్న.

ముందు కనబడేది ఏందంటే, పేజీ తెల్లగ ఉంటది, బ్రౌజర్ కన్సోల్ (ఎర్రర్లు కనబడే జాగ) తెరిస్తే "అసర్షన్ ఫెయిల్డ్: డేటా మస్ట్ బి ఆస్క్ ఆర్డర్డ్ బై టైమ్", అంటే డేటా పాత తేదీ నుంచి కొత్త తేదీకి వరుసగ ఉండాలె అని, ఎర్రగ ఒక లైన్ ఉంటది. హైచార్ట్స్ అనే ఇంకో లైబ్రరీ వాడేటోళ్లకు ఇదే ఎర్రర్ 15 అని వస్తది, అక్కడ చార్ట్ అయితే గీస్తది గానీ గీత వెనకకు ముందుకు ఉరుకుతది, మౌస్ ఒక కాడ పెడితే ఇంకో కాడి విలువ చూపెడ్తది. చార్ట్ జేఎస్ అనే లైబ్రరీ అయితే ఏం అనదు, ఇచ్చింది ఇచ్చినట్టు గీస్తది, మీరే చూసి గుర్తుపట్టాలె.

ఎందుకింత పట్టుబడ్తయ్ అంటే, మౌస్ కింద ఏ పాయింట్ ఉందో వెతకనీకి, జూమ్ చేసినప్పుడు ఏ ముక్క గీయాల్నో తేల్చనీకి ఈ లైబ్రరీలు మధ్యల నుంచి సగం సగం కోసుకుంట వెతుకుతయ్. వరుస తప్పితే ఆ లెక్క పనిచెయ్యదు. మరి వాళ్లే సార్ట్ చేసుకోవచ్చు గదా అంటే, లక్ష పాయింట్లు ఉన్న చార్ట్‌ను ప్రతిసారి సార్ట్ చేస్తే ఆలస్యమైతది, అందుకే మనమీద పెట్టిండ్రు.

ఇగ ఎర్రర్ లైన్ మొత్తం చదవండి, చాలామంది సగంల ఆపేస్తరు. చివర ఇండెక్స్ (ఎన్నో వరుస అనేది, సున్నా నుంచి లెక్క), టైమ్ (ఆ వరుస తేదీ), ప్రివ్ టైమ్ (దాని ముందు వరుస తేదీ) అని మూడు ఉంటయ్. నాకు వచ్చింది ఇండెక్స్ 12, టైమ్ 1704738600, ప్రివ్ టైమ్ 1733596200 (ఇవి 1970 మొదటి నుంచి లెక్కపెట్టిన సెకన్లు). నేను చదవకుండనే "ఓస్ ఇంతేనా" అని సార్ట్ కొట్టిన, ఎర్రర్ పోయింది, చార్ట్ వచ్చింది, లింక్ మామకు పంపిన. పావుగంటకు ఫోన్. "ఏంరా అల్లుడా, జనవరిల సాగర్ గేట్లు ఎవడెత్తిండు?"

అప్పుడు ఆ నంబర్లను తేదీలుగ మార్చి చూసిన. ఒకటి 2024 డిసెంబర్ 8, ఇంకోటి జనవరి 9. నా ఫైల్‌ల ఉన్నదేమో ఆగస్టు, సెప్టెంబర్ డేటా మాత్రమే! జరిగింది ఏందంటే మనం 12/08/2024 అని రాస్తే ఆగస్టు 12, జావాస్క్రిప్ట్ డేట్‌కు గట్లనే ఇస్తే అమెరికా లెక్కన నెల ముందు అనుకొని డిసెంబర్ 8 చేస్తది. 13/08 ఇస్తే పదమూడో నెల లేదు గదా, ఇన్‌వాలిడ్ డేట్. ఆ ఇన్‌వాలిడ్ వరుసలను నేను ముందే "ఖాళీ చెత్త" అని తీసేసిన, తెలివి ఎక్కువై. అట్ల ఆగస్టుల 12 రోజులు పన్నెండు నెలలుగ పరుచుకున్నయ్, అవి వరుసగనే ఉన్నయ్ కాబట్టి ఎర్రర్ లేదు, పదమూడోది సెప్టెంబర్ 1 జనవరి 9 అయ్యేసరికి లైబ్రరీ పట్టుకున్నది. పాపం అది నిజమే చెప్పింది, నేను సార్ట్‌తోని దాని నోరు మూసిన.

సరి చేసుడు అలక. తేదీని ఏటవాలు గీతల (/) దగ్గర విడగొట్టి సంవత్సరం, నెల, రోజు అని తిప్పి పెట్టాలె, ఒంటి అంకె ఉంటే ముందు సున్నా, అంటే 2024-08-05 అన్నట్టు. లైట్‌వెయిట్ చార్ట్స్ ఈ రూపాన్ని నేరుగ తీసుకుంటది, పైగా ఇట్ల ఉంటే అక్షరాల లెక్కన సార్ట్ చేసినా సరైన వరుసే వస్తది. సున్నా మర్చిపోతే మాత్రం మళ్లీ ఆగమే, 10వ నెల 9వ నెల కంటే ముందు కూర్చుంటది.

తేదీలు కరెక్టే, సార్ట్ కూడా కొట్టిన, అయినా ఎర్రర్ పోలేదు అంటరా, సార్ట్ బ్రాకెట్ల ఏం రాసిండ్రో చూడండి. ఏం రాయకుండ వదిలేస్తే జావాస్క్రిప్ట్ అన్నిటిని అక్షరాలుగ మార్చి పోలుస్తది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, శ్రీశైలం 885, జూరాల 1045, ఈ మూడింటిని ఉత్త సార్ట్‌కు ఇస్తే జూరాల అందరికంటే ముందు వస్తది, ఎందుకంటే 1 అనేది 5 కంటే చిన్నది. ఇంక మన డేటా టైమ్, వాల్యూ ఉన్న ఆబ్జెక్ట్‌లు అయితే అన్నీ అక్షరాల మారితే ఒకే మాట అయితయ్, అందుకే ఏదీ కదలదు, సార్ట్ పనిచేసినట్టు ఉంటది గానీ చెయ్యదు. టైమ్ నంబర్ అయితే మొదటిదాని టైమ్‌ల నుంచి రెండోదాని టైమ్ తీసేసే చిన్న ఫంక్షన్ లోపల ఇయ్యాలె.

ఎర్రర్‌ల టైమ్, ప్రివ్ టైమ్ రెండూ ఒకటే ఉంటే అది వరుస లొల్లి కాదు, డూప్లికేట్. నెలకో ఫైల్ పెట్టుకునేటోళ్లకు 31వ తారీఖు వరుస ఒక్కోసారి రెండు ఫైళ్లల ఉంటది, కలిపితే రెండుసార్లు వస్తది. ఎంత సార్ట్ చేసినా పోదు. తేదీని కీ చేసుకొని మ్యాప్‌ల (ఒక కీకి ఒకటే విలువ దాచేది) వేస్తే తర్వాత వచ్చిందే మిగులుతది, అది తీసి సార్ట్ చెయ్యండి. ఒక నంబర్ 10 అంకెలు, పక్కది 13 అంకెలు ఉంటే ఒకటి సెకన్లు ఇంకోటి మిల్లీసెకన్లు, పెద్దదాన్ని వెయ్యితోని భాగించండి. డేటాబేస్ నుంచి తెస్తుంటే క్వెరీల ఆర్డర్ బై (తేదీ వరుసల ఇయ్యమని చెప్పేది) పెట్టండి, అది లేకుంటే వరుసకు గ్యారంటీ లేదు, ఇన్నొద్దులు సక్కగ వచ్చిందంటే నసీబు.

లైవ్‌ల పాయింట్ కలిపేటప్పుడు "కెనాట్ అప్‌డేట్ ఓల్డెస్ట్ డేటా" అని వస్తే పాత తేదీ వరుస ఆలస్యంగ వచ్చిందని అర్థం. నెట్ పోయి వచ్చినప్పుడు నాకు ఇదే అయ్యేది. చివరి టైమ్ కంటే పాతదైతే అప్‌డేట్‌కు (ఒక్క పాయింట్ కలిపే ఫంక్షన్) ఇయ్యకుండ మీ దగ్గరి లిస్ట్‌ల దాని జాగల పెట్టి మొత్తం సెట్ డేటాకు (చార్ట్‌కు డేటా అంతా ఒకేసారి ఇచ్చే ఫంక్షన్) మళ్లీ ఇయ్యండి.

ఒక్కటి జాగ్రత్త, లైట్‌వెయిట్ చార్ట్స్ ఈ వరుస చెకింగ్ డెవలప్‌మెంట్ బిల్డ్‌లనే (మనం రాసుకుంట పరీక్షించే రూపం) చేస్తది, ప్రొడక్షన్‌ల (జనానికి ఎక్కించే రూపం) వదిలేస్తది. ల్యాప్‌టాప్‌ల ఒక మంచి ఫైల్‌తోని చూసి "అంతా ఓకే" అని సర్వర్‌కు ఎక్కిస్తే అక్కడ చెడ్డ ఫైల్ వచ్చిన్నాడు ఏ హెచ్చరికా రాదు. నేనైతే ఇప్పుడు సెట్ డేటాకు ముందు మొదటి తేదీ, చివరి తేదీ, మొత్తం ఎన్ని వరుసలు, ఎన్ని తీసేసిన అని నాలుగు ముక్కలు కన్సోల్‌ల రాయించుకుంటున్న. రెండు నెలల ఫైల్‌కు జనవరి కనబడిందంటే మామ ఫోన్ చేసేదాక ఆగను.