పెత్రమాస పేర్ల నుంచి ఖాస్రా పహాణీ దాకా: వంశచరిత్ర రాసుకునే పద్ధతి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తమ వంశచరిత్రను వెతకాలనుకునేవారు పెత్రమాస (భాద్రపద అమావాస్య) రోజున పని మొదలుపెట్టడం మంచిది. ఆనాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పోయినవారి పేర్లు అడుగుతారు, ఇంటి పెద్ద తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లను వరుసగా చెబుతాడు. పక్కన కూర్చుని ఆ పేర్లను పలికినవి పలికినట్టే రాసుకుంటే మూడు తరాలు ఒక్క పూటలో చేతికి వస్తాయి. ఆ వరుసలో ఆడవారి పేర్లు తరచుగా జారిపోతాయి కాబట్టి ప్రతి పేరుకూ ఎదురుగా భార్య పేరు, ఆమె తల్లిగారి ఊరు, తల్లిగారి ఇంటిపేరు కూడా అప్పుడే అడిగి రాయాలి. నా అనుభవంలో ఇంటి సంగతులు అందరికన్నా ఎక్కువగా తెలిసినవారు పెద్ద ఆడబిడ్డలే; పుట్టిన ఇంటి ముచ్చట్లూ, మెట్టిన ఇంటి ముచ్చట్లూ రెండూ వారి దగ్గరే ఉంటాయి.

ముసలివారిని ఏ సంవత్సరంలో పుట్టారని అడిగితే జవాబు దొరకదు. వారికి గుర్తున్న పెద్ద సంఘటనను పట్టుకుని అడగాలి. మా నాయనమ్మ చెల్లెలిని నేను, "రజాకార్ల గడబిడ నాటికి నీకు పెండ్లి అయ్యిందా, అవ్వా?" అని అడిగాను. "పెండ్లయింది బిడ్డా, కాపురానికి పోలె" అన్నది. ఆ గడబిడను ముగించిన పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది కాబట్టి ఆ ఒక్క మాటతో ఆమె వయసు, ఆమె అక్కల వయసు ఉజ్జాయింపుగా తేలాయి. నాగార్జునసాగర్‌కు పునాది వేసిన 1955 కూడా నల్లగొండ వైపు ఇలాగే పనికివస్తుంది. ఇటువంటి మాటలను అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేసి, అదే రాత్రి కాగితం మీదికి ఎక్కించుకోవాలి.

ఇక కాగితాలలో మొదట చూడవలసినది 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరి పేర ఉన్నదో రాసిన ఊరి రికార్డు. ఊరిపేరు, సర్వే నంబరు రాసి తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు చేసుకోవాలి. దాని తరువాత 1955-58 నాటి చేసాల పహాణీని, ఇంకా వెనక్కి వెళ్లదలచినవారు సేత్వార్ (సర్వే తరువాత మొదట రాసిన భూమి రికార్డు), వసూల్ బాకీ అనే పాత భూమి రిజిస్టర్లను అడగాలి. పాత రికార్డులలో మనుషుల పేర్ల మధ్య వచ్చే ఉర్దూ మాటలు తెలిసి ఉంటే బంధుత్వం వెంటనే అర్థమవుతుంది: "వల్ద్" అంటే ఫలానా వారి కొడుకు, "జౌజె" అంటే భార్య, "బేవా" అంటే వితంతువు. నిజాం కాలపు కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం. అజూర్ నెలతో, అంటే మన అక్టోబరులో, మొదలయ్యే ఆ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం, 591 కలిపితే ముగిసిన క్రీస్తు శకం వస్తుంది. 1357 ఫసలీ 1947 అక్టోబరు నుంచి మరుసటి ఏడాది దాకా నడిచింది.

కాగితంలోని పేరు ఇంట్లో పిలిచే పేరుతో కలవకపోవచ్చు. మా ముత్తాతను ఇంట్లో అందరూ ఒక పేరుతో తలుచుకుంటే ఖాస్రాలో మరో పేరు ఉన్నది, నేను చాలా రోజులు ఆయన ఎవరో పరాయివాడనుకున్నాను. చివరికి "వల్ద్" తరువాత ఉన్న తండ్రి పేరు, మావాళ్లు నేటికీ చింతచెట్టు చెలక అని పిలిచే భూమి సర్వే నంబరు రెండూ సరిపోవడంతో సందేహం తీరింది. అందుచేత ప్రతి పేరును కనీసం రెండు ఆధారాలతో సరిచూసిన తరువాతనే వంశవృక్షంలో సిరాతో రాయాలి, అంతవరకు పెన్సిలుతో ఉంచాలి. పహాణీ అడిగిన మనిషి భూమిలో వాటా అడుగుతాడని దాయాదులు భయపడటం సహజం కాబట్టి దరఖాస్తు పెట్టకముందే వారి ఇండ్లకు వెళ్లి సంగతి విప్పి చెప్పాలి.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కింద ఉండిన ఊళ్లవారు సంస్థానపు రికార్డుల కోసం వేరుగా విచారించాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన కార్యాలయానికి (ఆర్కైవ్స్‌కు) వెళ్లేవారు పాత ఉర్దూ చదవగలిగినవారిని వెంట తీసుకుపోవడం మేలు.

చాలా కులాలకు తమ గోత్రాలను, ఇంటిపేర్లను, కులపురాణాన్ని నోటి మీద నిలుపుకున్న ఆశ్రిత కులాలవారు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టివారు, యాదవులకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు అటువంటివారు. వారు మీ ఊరికి వచ్చినప్పుడు ఇచ్చేది ఇచ్చి, గౌరవంగా కూర్చోబెట్టి మీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో అడగండి. ఒకే ఇంటిపేరు అనేక కులాలలో ఉంటుంది కాబట్టి ఇంటిపేరు కలిసిన ప్రతివారినీ బంధువులుగా లెక్కించకూడదు.

కుటుంబం ఎక్కడి నుంచి కదిలివచ్చిందో తెలిశాక ఆ ఊరి చరిత్ర వెతకాలి. గుడి ముందరి శాసనం, చెరువుకట్ట మీది వీరగల్లు (వీరుని గుర్తుగా నిలిపిన రాయి), పొలిమేర రాయి, అన్నింటినీ చూడాలి. అక్షరాలు కనబడాలని రాతికి నూనె, సున్నం, సుద్ద పూయవద్దు. తెల్లవారినప్పుడో పొద్దు వాలినప్పుడో ఎండ పక్కవాటుగా పడుతుంది. అప్పుడు తీసిన ఫోటోలో మధ్యాహ్నం కనబడని గీతలు కూడా తేలివస్తాయి. పానగల్లులోని పచ్చల సోమేశ్వరాలయ మ్యూజియంలో, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో శాసనాలను దగ్గరగా చూసి అక్షరాలకు కన్ను అలవాటు చేసుకోవచ్చు. పిల్లలమర్రిలో 1208లో ఎరకేశ్వరాలయం కట్టించినది రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ. ఆ గుడి ముందు నిలబడిన రోజునే నేను ఇంటికి వచ్చి, మా వంశవృక్షంలో ఖాళీగా వదిలిన భార్యల గడులన్నీ నింపడం మొదలుపెట్టాను; మా ముత్తాత తల్లిది ఒక్కటి ఇంకా మిగిలి ఉన్నది, వచ్చే పెత్రమాసకు ఆమె తల్లిగారి ఊరికి పోవాలి.