రోజూ తినే గింజలోనే ఐరన్, జింక్, విటమిన్ ఎ: పోషక విత్తనం ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

మాది కల్వకుర్తి పక్క ఊరు. మా చెల్లెలు ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. ఆశా అక్క ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి, "ఏం తింటున్నవ్ చెల్లె?" అని అడిగింది. పొద్దున అన్నం, పగటికి అన్నం, రాత్రికి అన్నం. అదే ఇంట్లో మా అమ్మమ్మ రోజుల్లో పొద్దున అంబలి, పగటికి గట్క, రాత్రికి రొట్టె ఉండేవి. ఆ మాట అనుకుని అమ్మ చాలాసేపు మౌనంగా కూర్చుంది.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. పండ్లు, మాంసం, పాలు బాగా తినమని చెప్పడం తేలికే, కూలికి పోయే ఇంట్లో రోజూ అవి ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే రోజూ ఎలాగూ తినే గింజనే మార్చుకుందాం అంటున్నాను. ఐరన్, జింక్, విటమిన్ ఎ ఎక్కువగా ఉండేలా శాస్త్రవేత్తలు తీసిన రకాలను బయోఫోర్టిఫైడ్ పంటలు అంటారు. నేను పోషక విత్తనాలు అంటాను. ఇక్కడ చెప్పేవన్నీ మామూలు సంకరణతో, ఎంపికతో వచ్చినవి. వీటిలో జన్యుమార్పిడి రకాలు లేవు.

ముందు, ఇంట్లో ఏది తక్కువో చూసుకోండి

ఐరన్ తక్కువైతే మెట్లెక్కినా ఆయాసం వస్తుంది, కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటుంది. పచ్చి బియ్యం, బలపం, మట్టి తినాలనిపిస్తుంది. చాలామంది ఆడవాళ్లు ఈ చివరిది సిగ్గుపడి చెప్పరు. అడిగి తెలుసుకోండి. విటమిన్ ఎ తక్కువైతే పిల్లలు మాపటివేళ తడుముకుంటూ నడుస్తారు, అదే రేచీకటి. జింక్ తక్కువైన పిల్లలు సరిగా ఎదగరు, విరేచనాలు మాటిమాటికీ పట్టుకుంటాయి, దెబ్బలు త్వరగా మానవు.

హిమోగ్లోబిన్ పరీక్ష ఆరోగ్య కేంద్రంలో చేయించుకోండి, ఆ అంకె ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. తర్వాత పోల్చుకోవడానికి అది కావాలి. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు, పిల్లలకు ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఎ చుక్కలు ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దు. తిండి నెలల తరబడి నెమ్మదిగా పనిచేస్తుంది. ఈరోజు ఉన్న కొరతకు మందే కావాలి.

విత్తనం పేరు పట్టుకుని అడగండి

"అన్నీ సజ్జలే కదా బిడ్డా, ఏవైతే ఏంది?" అని మా పెద్దనాయన అన్నాడు. తేడా ఉంది. మామూలు సజ్జల్లో కిలోకు 45 నుంచి 50 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటే, పోషక రకాల్లో 70, ఆపైన కూడా ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో కిలోకు పది మిల్లీగ్రాములు కూడా ఉండదు.

మన నేలలకు నేను ముందు చెప్పేది ఏబీవీ 04. అనంతపురం వ్యవసాయ పరిశోధన స్థానం తీసిన రకం, తెలంగాణకు కూడా సిఫారసు చేశారు. ఐరన్ 70, జింక్ 63 మిల్లీగ్రాములు, పంటకాలం దాదాపు 86 రోజులు. రెండోది ధనశక్తి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మహారాష్ట్రలోని మహాత్మా ఫూలే వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చాయి. 2012లో మహారాష్ట్రలో, 2014లో దేశమంతటికీ విడుదలైంది. దీని మూలం పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశపు ఇనియాడి అనే నాటు సజ్జ. ఎక్కడో ఒక పల్లె రైతులు తరతరాలుగా కాపాడుకున్న గింజ మన చెల్కల దాకా వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఈ రెండూ హైబ్రిడ్లు కావు. ఒకసారి కొంటే విత్తనం మనమే కట్టుకోవచ్చు. అందుకే చిన్న రైతుకు వీటినే చెబుతాను.

జొన్న రొట్టె వదలలేని ఇంటికి పర్భణీ శక్తి ఉంది. 2018లో మహారాష్ట్రలో విడుదలైన జొన్న అది. ఐరన్ 45, జింక్ 32 మిల్లీగ్రాములు.

విత్తనం కోసం రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో), బిజినేపల్లి దగ్గర పాలెం పరిశోధన స్థానాన్ని, నల్లగొండ వైపు వాళ్లయితే కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాన్ని వానాకాలానికి రెండు నెలల ముందే అడగండి. జూన్‌లో అడిగితే ఆలస్యమైనట్టే. సంచి మీద రకం పేరు, నీలం రంగు ధ్రువీకరణ ట్యాగ్ ఉన్నాయో లేదో చూసుకోండి. నోటిమాట మీద "ఐరన్ సజ్జలు" అని అమ్మితే తీసుకోవద్దు. గింజను కంటితో చూసి ఐరన్ ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

పది గుంటలతో మొదలుపెట్టండి

ఉన్న చెల్క అంతా ఒక్క ఏడాదిలో మార్చొద్దు. పది గుంటలు, అంటే పావు ఎకరం చాలు. ఎకరానికి కిలోన్నర నుంచి రెండు కిలోల విత్తనం పడుతుంది కాబట్టి పది గుంటలకు అరకిలో సరిపోతుంది.

లీటరు నీళ్లలో 20 గ్రాముల ఉప్పు కరిగించి విత్తనాలు అందులో పోయండి. తేలినవి తీసి పారేయండి. తేనెబంక తెగులు గడ్డలు, తాలు గింజలు అలా పోతాయి. మిగిలినవి మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి నీడలో ఆరబెట్టండి. తొలకరి వానకు నేల బాగా తడిశాక, సాలుకు సాలుకు మధ్య మూరెడు, మొక్కకు మొక్కకు మధ్య జానెడు కంటే కాస్త తక్కువ దూరం ఉండేలా విత్తండి. మూడు వారాల లోపు ఒత్తుగా ఉన్నచోట పలుచన చేయండి. పలుచన చేయడానికి మనసొప్పదు, తెలుసు. చేయకపోతే కంకులు సన్నబడతాయి.

నేలలో జింక్ లేకపోతే గింజలోకి ఎక్కడి నుంచి వస్తుంది? విత్తే ముందే మట్టి పరీక్ష చేయించండి. జింక్ లోపం ఉందని తేలితే ఎంత జింక్ సల్ఫేట్ వేయాలో ఏఈవో చెబుతారు. దాన్ని డీఏపీ లాంటి భాస్వరం ఎరువుతో మాత్రం కలపొద్దు, రెండు మూడు రోజుల తేడా ఉండాలి. పశువుల ఎరువు ఉన్నంత వేయండి.

అన్నింటికన్నా పెద్ద టెన్షన్ పిట్టలతోనే. చుట్టూ పత్తి ఉండి మధ్యలో మీది ఒక్కటే సజ్జ మడి అయితే ఊళ్లో పిట్టలన్నీ అక్కడే వాలతాయి. పక్క చెల్క వాళ్లను ఒప్పించి ముగ్గురు నలుగురు కలిసి ఒకేచోట వేస్తే నష్టం పంచుకున్నట్టు అవుతుంది, మంచె మీద కాపలా వంతులవారీగా ఉండొచ్చు. పాలు పోసుకునే దశ నుంచి కోత దాకా పొద్దున, సాయంత్రం ఒడిసెల పట్టుకుని మనిషి ఉండాల్సిందే.

జూన్ ఆఖర్లో విత్తితే సెప్టెంబర్ చివరికి కోతకు వస్తుంది. సద్దుల బతుకమ్మకు కొత్త సజ్జలతోనే మలీద ముద్దలు చేసుకోవచ్చు. పది గుంటలకు ఒకటిన్నర క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. నలుగురున్న ఇంటికి పూటకు 400 గ్రాముల పిండి చొప్పున 375 పూటలు వస్తుంది. రోజుకో పూట రొట్టెకు ఏడాదంతా సరిపోతుంది.

వరి వేసేవాళ్లకు

మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ కాలువ కింద ఉన్నవాళ్లకు సజ్జ వేయమని చెప్పను. మీరు తిండికి ఉంచుకునే మడిలో డీఆర్ఆర్ ధాన్ 45 వేయండి. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ 2016లో ఇచ్చిన రకం. పాలిష్ చేశాక కూడా కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది, మామూలు బియ్యంలో 12 నుంచి 16 మాత్రమే. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి దాదాపు 4 మిల్లీగ్రాములు వచ్చేచోట 7 దగ్గరికి వస్తుంది. ఆడవాళ్లకు రోజుకు కావలసింది 13.2. ఈ వడ్లు మర విడిగా పట్టించండి, పాలిష్ తక్కువ వేయమనండి.

రేషన్ బియ్యంలో కనిపించే తెల్లటి వేరే గింజల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వాటిని ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, వంద కిలోలకు కిలో చొప్పున కలిపినవి. దయచేసి ఏరొద్దు. తలసేమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే తినాలి.

బతుకమ్మకు నాటితే శివరాత్రికి కందగడ్డ

విటమిన్ ఎ సజ్జలోనూ రాదు, తెల్ల బియ్యంలోనూ రాదు. దానికి లోపల నారింజ రంగు ఉండే కందగడ్డ కావాలి. కొందరు దీన్నే గెనుసుగడ్డ అంటారు. శివరాత్రి ఉపవాసానికి మనం ఉడకబెట్టుకునే తెల్ల గడ్డలో విటమిన్ ఎ దాదాపు ఉండదు. తిరువనంతపురంలోని దుంప పంటల పరిశోధన సంస్థ ఇచ్చిన భూ సోనా రకంలో వంద గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దాన్నే విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లకు నారింజ రంగు గడ్డ ఉడికించింది 125 గ్రాములు పెడితే ఆ రోజుకు సరిపోతుంది. ఆఫ్రికాలో ఈ గడ్డను ఇంటింటికీ చేర్చినవాళ్లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

గడ్డను కాకుండా తీగ ముక్కలను నాటాలి. మూడు నాలుగు కణుపులున్న ముక్క తీసుకుని, రెండు కణుపులు మట్టిలో ఉండేలా బోదెల మీద పెట్టండి. బోరింగు దగ్గరో, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోటో నాలుగు బోదెలు చాలు. నెల దాటాక మట్టి ఎగదోయండి. గడ్డ బయటికి తేలితే ముక్కుపురుగు పడుతుంది. దసరా దాటగానే నాటితే నాలుగు నెలలకు, శివరాత్రి నాటికి తవ్వుకోవచ్చు. తీగ మాత్రం పారేయొద్దు, నీళ్లున్న మూల బతికించుకుంటే మళ్లీ అదే నాటు.

వంటింట్లో పోగొట్టుకోవద్దు

ఇంత కష్టపడి పండించింది పొయ్యి దగ్గర పోతుందని చాలామందికి తెలియదు. సజ్జల పొట్టు తీసి దంచితే ఐరన్ చాలావరకు పొట్టుతోనే పోతుంది. గింజ మొత్తంగా పిండి పట్టించండి. సజ్జపిండిలో నూనె ఎక్కువ, అందుకే త్వరగా చేదెక్కుతుంది. వారం పది రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి. "సజ్జ రొట్టె చేదు" అని పిల్లలు తినకపోవడానికి సగం కారణం పాత పిండి.

గింజలో ఫైటేట్ అనే పదార్థం ఐరన్‌ను, జింక్‌ను పట్టి ఉంచుతుంది. నానబెడితే, పులియబెడితే అది తగ్గుతుంది. రాత్రి పిండి కలిపి పులియబెట్టి పొద్దున కాచే అంబలి పద్ధతి మన పెద్దలు పెట్టింది, అదే పాటించండి. రొట్టెతో నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డ, టమాట తొక్కు, ఉసిరికాయ లేదా జామపండు ఉంటే విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటపడుతుంది. వారానికి ఒక పూట చేపో కోడికూరో ఉన్నా మేలే. రొట్టె తిన్న వెంటనే చాయ్ తాగడం మాత్రం మానేయాలి. గంట ఆగి తాగండి. మా ఇంట్లో కష్టమైన మార్పు ఇదొక్కటే.

కందగడ్డను పొట్టుతోనే ఉడికించి, చెంచాడు నెయ్యో పల్లీలో కలిపి పెట్టండి. కొవ్వు లేకపోతే బీటా కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు.

ఫలితం ఎన్నాళ్లకు? మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో 12 నుంచి 16 ఏళ్ల బడి పిల్లలకు ఐరన్ ఎక్కువున్న సజ్జ రొట్టెలు రోజూ రెండు పూటలా ఆరు నెలలు పెట్టి చూశారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. ఐరన్ కొరత ఉన్న పిల్లల్లో కొరత తీరే అవకాశం మామూలు సజ్జ తిన్నవాళ్ల కంటే 1.64 రెట్లు ఎక్కువగా కనిపించింది. కాబట్టి మీరూ ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించి నోటుబుక్కులో అంకె పక్కన అంకె రాయండి.

భూమి లేనివాళ్లు పండించిన పొరుగువాళ్ల దగ్గర ఏడాదికి సరిపడా గింజ ఒకేసారి మాట్లాడుకుని కొనండి. అదీ దొరక్కపోతే సంతలో మామూలు సజ్జలు కొన్నా, మూడు పూటల అన్నం కంటే ఎంతో నయం.

వచ్చే ఏడాదికి విత్తనం

సజ్జ పరపరాగ సంపర్కం పంట. పక్కన వేరే సజ్జ ఉంటే పుప్పొడి కలిసి రకం చెడిపోతుంది. కనీసం 200 మీటర్ల దూరం ఉండేలా చూసుకోండి. మడి అంచులు వదిలేసి, మధ్యలో ఏపుగా, తెగులు లేకుండా ఉన్న మొక్కల నుంచి కనీసం రెండు వందల కంకులు కోయండి. పది ఇరవై కంకులతో సరిపెడితే రెండు మూడేళ్లకు పంట బలహీనపడుతుంది. వాటిని విడిగా నూర్చి, గింజను పంటి కింద పెడితే టక్కుమని విరిగేదాకా ఎండబెట్టి, ఎండిన వేపాకు కలిపి కుండలో పోసి మూతి బిగించండి. రకం పేరు, కోసిన నెల రాసిన చీటీ ఒకటి కుండ లోపల, ఒకటి బయట పెట్టండి.