వార్డు అనుభవాన్ని ఆరోగ్య విధానంలోకి తీసుకువెళ్లడం ఎలా?

ఆరోగ్య విధానాల రూపకల్పనలో నర్సుల మాట చెల్లుబాటు కావాలంటే, అది ఫిర్యాదుగా మిగిలిపోకుండా ఏ నియమాన్ని ఎలా మార్చాలో చెప్పే ప్రతిపాదనగా మారాలి. ‘సిబ్బంది చాలడం లేదు’ అన్న మాటను అధికారులు ఎప్పుడూ వింటూనే ఉంటారు. ‘రాత్రి షిఫ్టులో ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఇంతకు మించినప్పుడు మందులు వేళకు అందడం లేదు, అందువల్ల గరిష్ఠ పరిమితి విధించాలి’ అంటే మాత్రం అవుననో కాదనో జవాబు చెప్పక తప్పదు.

ముందుగా ఒక్క సమస్యనే ఎంచుకుని, దాన్ని మార్చే అధికారం ఎవరిదో తెలుసుకోవాలి. ఆసుపత్రి యాజమాన్యం ఒక ఆదేశంతో సరిచేయగల విషయాన్ని మంత్రిత్వ శాఖకు రాస్తే ఆ కాగితం బల్లలు మారుతుందే తప్ప ఫలితం ఉండదు.

తరువాతిది లెక్క, ఎక్కువ శ్రమ పెట్టవలసింది ఇక్కడే. క్రిమియా యుద్ధంలో గాయాల కంటే నివారించదగిన వ్యాధులే ఎక్కువ మంది సైనికులను బలిగొన్నాయని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో గణాంక చిత్రాలతో చూపించారు. ఆమెను దీపంతోనే తలచుకుంటాం గానీ, ప్రభుత్వాన్ని కదిలించినవి ఆ పట్టికలే. 2002లో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఒక నర్సుకు అదనంగా ఒక రోగిని అప్పగించిన ప్రతిసారీ శస్త్రచికిత్స రోగులు ముప్పై రోజుల్లోగా మరణించే అవకాశం సుమారు 7 శాతం పెరుగుతున్నట్టు తేలింది. మీ వార్డులో అంత పెద్ద అధ్యయనం అవసరం లేదు. రోగులు పడిపోవడం, పడక పుండ్లు, సూదులు గుచ్చుకోవడం వంటివాటిలో ఒకదాన్ని షిఫ్టులవారీగా, ఒకే పద్ధతిలో, రోగుల వివరాలు బయటపడకుండా కొన్ని నెలలపాటు నమోదు చేస్తే చాలు.

ఆ లెక్కను ఒక్క పేజీ నివేదికగా కుదించి, సమస్య, ఆధారం, కోరుతున్న మార్పు, అయ్యే ఖర్చు రాయాలి. ఖర్చు రాయని ప్రతిపాదనను పక్కన పెట్టడం ఆర్థిక శాఖకు చాలా తేలిక. దాన్ని వ్యక్తిగతంగా కాక నర్సుల సంఘం ద్వారా పంపడం మేలు. బడ్జెట్ కసరత్తు మొదలుకాకముందు, లేదా ముసాయిదాపై అభ్యంతరాలు స్వీకరించే గడువులోగా అది చేరాలి.

నియమాన్ని రూపొందించే కమిటీలో స్థానం అడగడానికి సంకోచించనక్కర్లేదు. సూదిగాయాల నివారణకు అమెరికా 2000లో చేసిన చట్టం, సురక్షిత పరికరాల ఎంపికలో రోగులకు నేరుగా సేవచేసే సిబ్బంది అభిప్రాయం తీసుకోవాలని యాజమాన్యాలను నిర్బంధించింది. మీరు కోరే నియమంలోనూ అటువంటి వాక్యం ఉండేలా పట్టుబట్టవచ్చు.

ముసాయిదా చేతికి వచ్చాక నిర్వచనాలను అక్షరం వదలకుండా చదవాలి. కాలిఫోర్నియాలో 1999లో చట్టమై 2004 నుంచి అమలైన నర్సు–రోగి నిష్పత్తి (ఒక నర్సు చూడగల రోగుల గరిష్ఠ సంఖ్య) భోజన విరామాల్లో కూడా వర్తిస్తుంది; రోగుల బాధ్యత నేరుగా చూడని పర్యవేక్షకులను ఆ లెక్కలో కలపకూడదు. ఈ రెండు అంశాలూ స్పష్టంగా లేకపోతే, కాగితంపై నిష్పత్తి సరిపోయినట్టే కనిపిస్తుంది, వార్డులో మాత్రం ఒక నర్సు తక్కువగానే ఉంటారు.