టూర్లకు బయల్దేరే ముందు: మెడికల్ షాపు కౌంటర్ నుంచి కొన్ని జాగ్రత్తలు

ఫిబ్రవరి దాటిందంటే అనంతపురంలో ఎండలూ, కాలేజీల ఫేర్‌వెల్ పార్టీలూ ఒకేసారి మొదలవుతాయి. ఆ వెనకే గోవా టూర్లు, బెంగళూరు ఇంటర్న్‌షిప్పులు, హాస్టల్ ఖాళీ చేసి బయట రూములు తీసుకోవడాలు. ఈ నెలల్లోనే రాత్రి తొమ్మిది దాటాక మా షాపు ముందు కొంతమంది కుర్రాళ్లు అటూ ఇటూ తచ్చాడుతూ కనిపిస్తారు. ముందు ఒక డోలో షీటు అడుగుతారు. పక్కన బీపీ మాత్రలు తీసుకుంటున్న పెద్దాయన కదిలేదాకా ఫోన్లో తల దూర్చి నిలబడతారు. ఆయన మెట్లు దిగగానే:

"అన్నా, అదొకటి ఇయ్యన్నా."

"ఏదప్పా?"

"అదేన్నా..." అంటూ అద్దం కింద ప్యాకెట్ల వైపు ఒక చూపు.

నేను ప్యాకెట్ తీసి కవర్లో వేసేలోపే డబ్బులు కౌంటర్ మీద పడతాయి. చిల్లర కూడా తీసుకోకుండా బండెక్కి పోతారు. ప్యాకెట్ మీద తేదీ చూసుకోరు, ఏ రకమో చూసుకోరు, ఎక్కడ పెట్టుకోవాలో అడగరు. తర్వాత వచ్చే తిప్పలు చాలావరకు ఈ తొందరలోంచే, ఈ దాచుకోవడంలోంచే వస్తాయి. అందుకే కండోమ్‌ల గురించి సీజన్‌కి ముందే రాస్తున్నా.

ఇది పద్దెనిమిది నిండినవాళ్ల కోసం. చేయమని గానీ, మానమని గానీ చెప్పడం నా పని కాదు. ఇప్పుడే వద్దనుకుంటే అంతకు మించిన భద్రత లేదు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బీటెక్, డిగ్రీ ఫస్టియర్‌లో చాలామందికి ఇంకా పదిహేడే. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్లు పిల్లలే. ఆ వయసులో ఇష్టపడి 'సరే' అన్నా చట్టం దాన్ని ఒప్పుకోలుగా తీసుకోదు. 'మేమిద్దరం లవ్‌లో ఉన్నాం' అన్న మాట స్టేషన్లో పనికిరాదు.

మన ఇళ్లలో ఈ సంగతి చెప్పేవాళ్లు ఎందుకు లేరంటే, సిగ్గు ఒక్కటే కారణం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కండోమ్ వాడుతున్నామని చెప్పినవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. అంటే మీ నాన్నకీ, మీ మామకీ కూడా దీని సంగతి పెద్దగా తెలియదు. మీరు నేర్చుకునేది సీనియర్ల దగ్గర, ఫోన్లో చూసే వీడియోల దగ్గర. ఆ రెండు చోట్లా సగం తప్పులే.

ఇక ఎండ సంగతి. కండోమ్ అంటే రబ్బరు పాలతో చేసిన పలచటి పొర. దానికి వేడి పడదు, ఎండ పడదు, ఒరిపిడి అసలే పడదు. చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టమని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. మన కర్నూలు, కడప, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. కాలేజీ పార్కింగ్‌లో పొద్దున్నించి నిలబెట్టిన స్కూటీ డిక్కీలో ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. కానీ మనవాళ్లు దాచేది సరిగ్గా అక్కడే, ఆర్‌సీ కాగితాల అడుగున. ఇంట్లో అమ్మ బ్యాగు సర్దుతుంది, హాస్టల్లో రూమ్మేట్లు అడక్కుండా అర తెరుస్తారు, ఇంకెక్కడ పెడతారు పాపం! డిక్కీ కాకపోతే పర్సు. పర్సేమో వెనక జేబులో ఉంటుంది. రోజంతా దాని మీదే కూర్చుంటాం. ఒంటి వేడి, చెమట, నలుగుడు. నాలుగు నెలలు అలా నలిగిన కండోమ్ పైకి బాగానే కనిపిస్తుంది. ఎండకు పడి ఉన్న రబ్బరు బ్యాండు లాగగానే ఎట్లా పటుక్కున తెగుతుందో అదీ అట్లాగే తెగుతుంది.

ఒకటి రెండు రోజులు పర్సులో ఉన్నంత మాత్రాన కొంప మునగదు. నెలల తరబడి ఉన్నదీ, డిక్కీలో ఎండ తిన్నదీ పారేయండి. పాత కళ్లజోడు డబ్బా, చిన్న జామెట్రీ బాక్సు లాంటి గట్టి డబ్బాలో పెట్టి కాలేజీ బ్యాగు లోపలి అరలో ఉంచుకుంటే నలగదు, ఎవరి కంటా పడదు. బ్యాగును ఎండలో వదిలేయకుంటే చాలు. టూర్‌కైతే బస్సు అడుగున తోసే పెద్ద లగేజీలో కాకుండా మీతో ఉండే చేతిసంచిలో పెట్టుకోండి.

కొనేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ చూడండి. ఒక్కో సాచెట్‌ను వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే లోపల గాలి బుడగలా తగలాలి. గాలి లేకుండా అతుక్కుపోయి ఉంటే దానికి ఎక్కడో చిల్లు పడినట్టే, వాడకండి. కొత్తవాళ్లకు ప్లెయిన్ రకం చాలు. 'ఎక్కువసేపు' అని రాసి ఉండే కొన్నిట్లో మొద్దుబార్చే మందు ఉంటుంది. ఆ మందు అవతలివాళ్లకీ తగులుతుంది, మంట పెట్టొచ్చు కూడా. వాటిని అడిగినవాళ్లకు ఇస్తాను గానీ, నా అంతట నేను చూపించను. రబ్బరు పడక దురద, దద్దుర్లు వచ్చేవాళ్లకు లేటెక్స్ లేని రకాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి.

కొనడానికి ఆధార్ అక్కర్లేదు, డాక్టర్ చీటీ అక్కర్లేదు, పెళ్లయిందా అని అడిగే హక్కు ఏ షాపువాడికీ లేదు. అమ్మాయి వచ్చి అడిగితే గుచ్చి గుచ్చి చూసేవాళ్లుంటే ఆ షాపు వదిలేసి పక్క షాపుకు పోండి, మన ఊళ్లో మెడికల్ షాపులకు కరువా? మొహమాటంగా ఉంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి. మన ఎండకు ఆ టైములో షాపులో ఈగ కూడా వాలదు. డబ్బు ఇబ్బంది అయితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో నిరోధ్ ఉచితంగా ఇస్తారు. ప్రభుత్వం 1968 నుంచీ ఆ పేరుతో జనానికి అందిస్తోంది. ఉచితం కదా అని చిన్నచూపు వద్దు, పని ఒకటే.

వాడే తీరు కూడా విప్పి చెప్పాలి. సాచెట్‌ను పళ్లతో చించొద్దు, కత్తెర పెట్టొద్దు. లోపలిదాన్ని వేలితో పక్కకు జరిపి, గాట్లున్న అంచు దగ్గర చేత్తోనే చించాలి. గోళ్లు, ఉంగరాలు జాగ్రత్త. అంగం పూర్తిగా గట్టిపడ్డాక, అవతలివాళ్లకు ఎక్కడా తగలకముందే తొడగాలి. 'చివర్లో వేసుకుందాంలే' అంటే అప్పటికే ఆలస్యమైనట్టు. కొసను రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి, అలాగే పట్టుకుని మొదలుదాకా విప్పుకుంటూ రావాలి. చుట్ట బయటివైపు ఉంటేనే విచ్చుకుంటుంది. తిరగేసి పెట్టారనుకోండి, విచ్చుకోదు. చాలామంది చేసే పని ఏమిటంటే దాన్నే తిప్పి మళ్లీ పెట్టుకోవడం. అప్పటికే దాని మీద స్రావం అంటి ఉంటుంది. అది పారేసి కొత్తది తీయాలి. ఒక్కటే జేబులో వేసుకుని పోకుండా మూడున్న ప్యాకెట్ తీసుకెళ్లమనేది ఇందుకే.

పని అయ్యాక అంగం మెత్తబడకముందే, మొదట్లో ఉన్న రింగును వేళ్లతో పట్టుకుని బయటికి తీయాలి. లేకపోతే లోపల జారిపోతుంది. ముడేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. హాస్టల్ బాత్రూంలో ఫ్లష్ చేస్తే పైపు అడ్డుకుంటుంది, దాన్ని ప్లంబర్ బయటికి లాగే సీన్ మీకెందుకు!

రెండు తొడిగితే డబుల్ సేఫ్టీ అనుకునేవాళ్లున్నారు. రెండూ ఒకదానికొకటి ఒరుసుకుని చిరిగే అవకాశం పెరుగుతుంది. జారుడు కోసం కొబ్బరి నూనె, వాజలీన్, బాడీ లోషన్ రాయడం ఇంకో ముప్పు. నూనె తగిలిన రబ్బరు నిమిషాల్లో బలం కోల్పోతుంది. నీళ్లతో తయారయ్యే జెల్లీ షాపుల్లో దొరుకుతుంది, అదే వాడాలి. వెనకవైపు సంబంధమైతే, అది అబ్బాయిల మధ్య అయినా, అబ్బాయి అమ్మాయి మధ్య అయినా, ఆ జెల్లీ లేకుండా కండోమ్ నిలబడటం కష్టం.

ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో నూటికి పదమూడు మందికి. తేడా అంతా పైన చెప్పిన తప్పుల్లోనే ఉంది. 'బయటికి తీసేస్తాంలే' పద్ధతిలో నూటికి ఇరవై మందికి గర్భం వస్తుంది, సుఖవ్యాధుల నుంచి రక్షణ సున్నా.

'నా మీద నమ్మకం లేదా?' అనే మాట ఒకటుంది. ఆ మాటతోనే చాలా కండోమ్‌లు ప్యాకెట్లో ఉండిపోతాయి. హెచ్‌ఐవీ గానీ, హెపటైటిస్-బి గానీ ఉన్న మనిషికే ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు, ఇక ఎదుటివాళ్ల మొహం చూసి ఏం తెలుస్తుంది? మాట అంతదాకా వస్తే ఆ రోజుకు ఆపేయండి. మధ్యలో చెప్పకుండా కండోమ్ తీసేయడం మోసం. తాగి తూలుతున్న మనిషి 'ఊ' అన్నా అది ఒప్పుకోలు కాదు. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండా చేసుకుంటానని నమ్మించి కలిస్తే భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద పదేళ్లదాకా జైలు పడొచ్చు. రూములో ఫోన్ కెమెరా పైకి లేస్తే లేచి వచ్చేయండి. వీడియోతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు కట్టకండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చిరిగింది, జారిపోయింది, అసలు వాడలేదు. అప్పుడేం చేయాలి? డెట్టాల్ వేసి లోపల కడగడం లాంటివి చేయకండి, మంట, పుండ్లు తప్ప ఉపయోగం లేదు. గడియారం చూసుకోండి. లెక్క 72 గంటలు.

గర్భం రాకుండా వేసుకునే ఎమర్జెన్సీ మాత్ర (ఐ-పిల్ లాంటివి) చీటీ లేకుండానే ఇస్తాం. 72 గంటల్లోపు అంటారు గానీ ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. అది అండం విడుదలను వాయిదా వేసే మందు. అబార్షన్ మాత్ర కాదు, అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఏమీ చేయదు, సుఖవ్యాధులనూ ఆపదు. నెలకు మూడుసార్లు ఇదే పట్టుకుపోయే జంటలున్నారు. పీరియడ్స్ తేదీలు తారుమారై, ప్రతినెలా కొత్త టెన్షన్. అయిదు రోజుల్లోపు గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వేయించుకుంటే మాత్ర కంటే గట్టిగా పనిచేస్తుంది, ప్రభుత్వాసుపత్రిలో అడగొచ్చు. డేట్ వారం దాటినా పీరియడ్ రాకపోతే ప్రెగ్నెన్సీ కార్డు తీసుకుని పొద్దున మొదటి మూత్రంతో చూసుకోండి.

అవతలి మనిషి సంగతి తెలియక హెచ్‌ఐవీ భయం ఉంటే, దానికీ మందుంది. పెప్ అంటారు. అదీ 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, మొదటి కొన్ని గంటల్లో అయితే మరీ మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. అర్ధరాత్రి అయినా సరే జిల్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి విషయం దాచకుండా చెప్పండి. 'రేపు సెమిస్టర్ ఎగ్జామ్ ఉంది, అయ్యాక పోతాం' అని నాలుగో రోజు వస్తే ఆ మందుకు అర్థం లేదు.

కార్డులో రెండు గీతలు పడితే నా దగ్గరికి అబార్షన్ కిట్ కోసం రాకండి, చీటీ లేకుండా ఇవ్వను. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు, ప్రాణం మీదికి వస్తుంది. గర్భస్రావ చట్టం ప్రకారం 18 నిండిన అమ్మాయికి తన సంతకం ఒక్కటే చాలు, అమ్మానాన్నలదీ, భర్తదీ అక్కర్లేదు. పేరు బయటపెట్టడం డాక్టరుకు నేరం. 20 వారాల లోపు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పెళ్లి కానివాళ్లకూ ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

జబ్బుల విషయంలో మన జిల్లాల్లో పెద్ద బెడద బస్టాండు గోడల మీద పోస్టర్లు. 'గుప్తరోగాలు, నరాల బలహీనత, ఫలానా లాడ్జిలో ఫలానా రోజు సంప్రదించండి.' అక్కడికి పోయినవాళ్లు డబ్బూ పోగొట్టుకుంటారు, టైమూ పోగొట్టుకుంటారు. మూత్రంలో మంట, చీము, దుర్వాసనతో తెల్లబట్ట, గజ్జల్లో బిళ్లలు, పుండు, వీటిల్లో ఏది కనిపించినా పెద్దాసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. చూడటం, మందులు రెండూ ఉచితం. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. మానిందని సంబరపడతారు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. మందు ఇద్దరూ కలిసి వాడాలి, ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. హెర్పిస్ (నీటి పొక్కుల జబ్బు), హెచ్‌పీవీ (పులిపిర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) లాంటివి కండోమ్ కప్పని చోట నుంచి కూడా రాగలవు. హెచ్‌పీవీకీ, హెపటైటిస్-బికీ టీకాలున్నాయి, డాక్టర్ని అడగండి.

హెచ్‌ఐవీ పరీక్షకు అదే ఆసుపత్రిలో ఐసీటీసీ (కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) గది ఉంటుంది. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, రిపోర్టు మీ చేతికే ఇస్తారు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం అదే చెబుతోంది. నిన్న జరిగినదానికి ఇవాళ్టి నెగెటివ్ లెక్కలోకి రాదు, మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. అంతదాకా ప్రతిసారీ కండోమ్ తప్పనిసరి. ఆసుపత్రి గేటు దాకా పోవడానికి భయమేస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు.