దామగుండం మీద ఆర్టీఐ వేసే ముందు జాగ్రత్తలు

వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నేవీ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలతో జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రం) 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది. దాని గురించి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద అడగాలనుకునేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• నేరుగా నేవీ దగ్గరికి పోవద్దు. టవర్ల ప్లాను, ఫ్రీక్వెన్సీ అడిగితే దేశ భద్రతకు సంబంధించిన సమాచారం ఇవ్వక్కర్లేదనే ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(ఎ) చూపించి తిప్పి పంపుతారు. నిజం చెప్పాలంటే అది సబబే. కానీ దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి చేతులు మారింది కదా, ఆ ఫైలు అటవీ శాఖలో ఉంటుంది. చెట్ల లెక్కింపు జాబితా, అనుమతిలో పెట్టిన షరతులు, బదులుగా మొక్కలు నాటడానికి జమ చేసిన డబ్బు వివరాలు అక్కడ అడగండి.

• "ఎందుకిచ్చారు?" అని రాస్తే జవాబు రాదు. "భూమి అప్పగింత ఉత్తర్వు నకలు ఇవ్వండి" అని రాయండి. మీరెందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు.

• కొంత భాగం రహస్యమంటే, దాన్ని తీసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 పేరుతో దరఖాస్తులోనే ఒక వాక్యం చేర్చండి. చాలామంది ఇదే మర్చిపోతారు.

• రసీదు భద్రం. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి.

• కంచె దగ్గర ఫొటోలు, డ్రోన్లు వద్దే వద్దు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది.